గోల్కొండ పొరుగున పుట్టగొడుగు పగడం

గోల్కొండ పరిసరాలకు పగడం కొత్త సరుకు కాదు. 17వ శతాబ్దం చివరి దశాబ్దాలలో మద్రాసులో స్థిరపడిన యూదు వర్తకులు కొల్లూరు మొదలైన గోల్కొండ గనుల వజ్రాలను కొని ఐరోపాకు పంపుతూ, వాటికి బదులుగా మధ్యధరా సముద్రంలో తీసిన ఎర్ర పగడాన్ని లండన్ మీదుగా తెప్పించేవారు. చెన్నై జార్జ్ టౌన్‌లో పగడాల వర్తకుల పేరిట ఉన్న వీధి ఆ వ్యాపారానికి నేటికీ మిగిలిన గుర్తు. ప్రాణం పోయిన తరువాతనే ఆ పగడానికి విలువ వచ్చేది. జీవులు కట్టుకున్న సున్నపు గూటిని కోసి, సానపట్టి, పూసలుగా గుచ్చితే అది దండగా మెడలోకో, కుజగ్రహ శాంతికి ఉంగరంలోకో చేరేది. గోల్కొండ కోటకు వాయవ్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న నానక్‌రామ్‌గూడ, దానిని ఆనుకొన్న ఐటీ కారిడార్ ఇళ్లలోని గాజు తొట్లకు ఇటీవలి కాలంలో చేరిన పుట్టగొడుగు పగడానికి అసలు గూడే లేదు. చనిపోతే రెండు మూడు రోజులలో కుళ్లి నీటిలో కలిసిపోతుంది. దాని వెల అంతా అది బతికి ఉండటంలోనే ఉంది కనుక, దాని చరిత్ర తవ్వకాల చరిత్ర కాక పెంపకపు చరిత్ర అయింది.

అభిరుచిపరులు మష్రూమ్ అని పిలిచే ఈ జీవులు కొరాలిమార్ఫేరియా అనే క్రమానికి చెందుతాయి. రాతి పగడాలకు అతి దగ్గరి బంధువులై ఉండి కూడా రాయి కట్టని ఈ క్రమంలో ప్రతి జీవీ ఒక పాలిప్, అంటే అడుగున రాతిని పట్టుకునే పాదం, పైన పళ్లెంలా విచ్చుకున్న మెత్తని చక్రం, ఆ చక్రం నడుమ తినడానికీ విసర్జించడానికీ కలిపి ఒకే నోరు గల జంతువు. డిస్కోసోమా, రోడాక్టిస్, రికార్డియా అనే ప్రజాతులు తొట్లలో ఎక్కువగా కనిపిస్తాయి. వాటి కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి తమకు చోటిచ్చిన జీవికి పంచుతాయి. ఇంగ్లీషులో ఇదే పేరు మోసే ఫంగియా మాత్రం రాతి పగడమే. చట్టం దృష్టిలో ఈ రెండింటికీ ఉన్న దూరం ముందు తెలుస్తుంది.

సముద్రాన్ని గాజు తొట్టెలో నిలబెట్టే విద్య 1850లలో ఇంగ్లండులో రూపుదిద్దుకొంది. నీటిలోని మొక్కలూ జంతువులూ ఒకదాని ఊపిరితో మరొకటి బతకగలవని రాబర్ట్ వారింగ్టన్ చూపాడు; 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో మొదటి ప్రజా అక్వేరియం తెరుచుకొంది; మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకం ఆ వేడుకను మధ్యతరగతి ఇళ్లలోకి తెచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1909లో, ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో మెరీనా తీరాన సముద్ర అక్వేరియం వెలసింది. జపాను దాడి భయంతో 1942లో దానిని మూసివేశారు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నిజాం రాజధానికి అటువంటి వేడుక అందడం కష్టం.

లోతట్టు నగరాలకు ఆ దూరాన్ని తగ్గించింది సముద్ర లవణాలన్నిటినీ తగు పాళ్లలో కలిపి అమ్మే కృత్రిమ ఉప్పు. 1960లలో అమెరికాలో వాణిజ్య సరుకుగా నిలదొక్కుకొన్న ఈ పొడిని 100 లీటర్ల శుద్ధజలానికి సుమారు 3.5 నుంచి 4 కిలోలు కలిపితే సముద్రపు ఉప్పదనం వస్తుంది. అదే దశాబ్దపు ఆరంభంలో, 1961లో, జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు దిబ్బల నుంచి తెచ్చిన రాళ్లను, వాటి రంధ్రాలలోని జీవజాలంతో సహా తొట్టెలో పెడితే నీటిని అవే శుభ్రపరుస్తాయని ప్రకటించాడు. లైవ్ రాక్ అనే పద్ధతికి అది నాంది. దానికి నురగతో మలినాలను బయటికి తోడే స్కిమ్మర్‌ను, బలమైన దీపాలను బెర్లిన్ అభిరుచిపరులు జతచేసిన తరువాతనే చేపలకన్నా పగడాలే ప్రధానమైన తొట్టెలు సాధ్యమయ్యాయి.

ఈ చరిత్రలో పుట్టగొడుగు పగడానికి దక్కిన స్థానం దాని యోగ్యతకు తగినది కాదు. కొత్తవారు పెంచుకొనే చవక జీవిగా దానిని తీసిపారేసే అలవాటు ఉంది కాని, పగడాన్ని సముద్రం నుంచి తేకుండా ఇంటిలోనే పెంచి పంచవచ్చునని సామాన్యులకు నేర్పినవాటిలో అది ముందు వరుసలోనిది. మంద వెలుతురు, నెమ్మదైన ప్రవాహం, కొంత నైట్రేటు ఉన్న నీరు దానికి సమ్మతమే. రాయి కట్టదు కనుక సున్నం కొలతల బెడద కూడా తక్కువ. రాతి మీద మెల్లగా జరిగేటప్పుడు పాదం నుంచి తెగి వెనుక మిగిలిన చిన్న తునక కొత్త పాలిప్‌గా మారుతుంది; కొన్ని నిలువునా రెండుగా చీలుతాయి. పెంపకందారులు ఈ స్వభావాన్నే కత్తికి అప్పగించారు. పదునైన బ్లేడుతో నోటి మీదుగా రెండు లేదా నాలుగు ముక్కలు కోసి, కారే జిగురును వేరే ఉప్పునీటిలో కడిగి, గవ్వ ముక్కలు పరిచిన గిన్నెలో వేసి పైన వల కప్పితే, ఆ ముక్కలు ఒకటి రెండు వారాలలో గవ్వలను అంటుకొని, మరికొన్ని వారాలకు ఒక్కొక్కటి తనకంటూ నోరు ఏర్పరచుకొంటుంది. అతికించే బంక వాటికి అంటదు కనుక వలే దిక్కు. ఇలా ఇల్లిల్లూ తిరిగే ముక్కలన్నీ జన్యుపరంగా ఒకే జంతువు.

వాటి రంగు ప్రయోగశాలల చరిత్రనూ మార్చింది. నీలి కాంతిని పీల్చి ఎరుపుగానో ఆకుపచ్చగానో తిరిగి వెలువరించే ప్రోటీన్లే ఈ మెరుపుకు మూలమని ఊహించిన మాస్కో శాస్త్రవేత్తలు, అక్కడి అక్వేరియం తొట్లలో పెరిగిన పగడాలను పరీక్షించి, డిస్కోసోమాలోని ఎర్ర ప్రోటీన్‌ను 1999లో ప్రకటించారు. 2008 నోబెల్ బహుమతి పంచుకొన్న రోజర్ చెన్ బృందం దాని నుంచే 2004లో ఎంచెర్రీ అనే రూపాన్ని తీర్చింది. కణాలలోని భాగాలను గుర్తుపట్టడానికి జీవశాస్త్రజ్ఞులు ఇప్పుడు ప్రపంచమంతటా దానిని వాడుతున్నారు. సముద్రయాత్రలు చేయవలసిన పరిశోధనకు ఇళ్లలోని తొట్టె చాలడం విశేషం.

భారతదేశంలో ఈ అభిరుచికి హద్దులు గీసినది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 2001లో రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు మొదటి షెడ్యూలులో చేరడంతో వాటి సేకరణ, అమ్మకం జైలు శిక్షకు దారితీసే నేరాలయ్యాయి. ఫంగియా ఆ నిషేధం కిందికి వస్తుంది. కొరాలిమార్ఫేరియా పేరు ఆ జాబితాలో గాని, అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ అనుబంధాలలో గాని లేదు. అయినా విదేశాల నుంచి సజీవ జలచరాలను తెప్పించేందుకు అనుమతి, క్వారంటైన్ తప్పవు గనుక, ఇప్పటికే ఊరిలో ఉన్న జీవిని కోసి పంచుకోవడం దిగుమతికన్నా సులువైన మార్గం.

నానక్‌రామ్‌గూడ దక్కను గ్రానైట్ బండల నడుమ శేరిలింగంపల్లి మండలంలోని ఊరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పడమటికి విస్తరించిన నగరం ఆ ఊరిని కార్యాలయాలతో, ఎత్తైన నివాస భవనాలతో నింపింది. 2023లో అమెరికా కాన్సులేట్ కూడా అక్కడికే మారింది. 1920లో మూసీ మీద కట్టిన గండిపేట చెరువు అక్కడికి దగ్గరే. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడన్న నానుడి ఎంత ప్రసిద్ధమైనా, కుళాయి నీరూ, ట్యాంకరు నీరూ, సున్నం, నైట్రేట్లు నిండిన బోరు నీరూ పగడానికి నేరుగా పనికిరావు. వాటిని ఆర్‌వో పొరలగుండా, ఆపై అయాన్లను తొలగించే రెసిన్ గుండా పంపి, పూర్తిగా ఒట్టి నీరుగా మార్చిన తరువాతనే ఉప్పు కలపాలి. మే నెలలో బయటి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టెను 24–27 డిగ్రీల మధ్య నిలపడానికి నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో, రేయింబవళ్లు నడిచే ఏసీయో కావాలి. కరెంటు పోయినా పంపు ఆగకూడదు.

ఇంత ఖర్చు భరించేవారిలో కొందరు అరుదైన రంగుల కోసం ఒక్క పాలిప్‌కే పెద్ద మొత్తం చెల్లిస్తారు. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క వ్యాపార నామం తగిలించి అమ్మడం అమెరికా మార్కెట్ నుంచి వచ్చిన పద్ధతి. నీలి ఎల్ఈడీ కింద తీసిన ఫొటోలో నిప్పులా మెరిసిన మష్రూమ్, వేరే వెలుతురున్న మరో ఇంటి తొట్టెలో కొన్ని వారాలకే గోధుమ వన్నెకు తిరగవచ్చు కనుక, ఫొటో చూసి చెల్లించే వెలలో కొంత ఆ దీపానికే చెందుతుంది.