బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్ వివాదం: పరిశ్రమ, ప్రభుత్వం, ప్రేక్షకుడు

టీవీ కార్యక్రమాన్ని తీరిక వేళ చూసేందుకు ఇంట్లో రికార్డు చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో బీటామాక్స్ కేసులో 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. 1976లో సోనీపై యూనివర్సల్, డిస్నీ సంస్థలు వేసిన దావా అలా వీగిపోయింది.

డిజిటల్ ప్రసారాలు వచ్చాక చిత్ర పరిశ్రమ మరో మార్గం పట్టింది. ఆంక్షను యంత్రంలోనే అమర్చాలని ప్రభుత్వాన్ని కోరింది. రక్షణ లేకపోతే విలువైన కార్యక్రమాలు ఉచిత ప్రసారాలను వీడి కేబుల్, ఉపగ్రహ ఛానళ్లకు తరలిపోతాయని వాదించింది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2003 నవంబరులో ఇందుకు సమ్మతించింది. 2005 జూలై 1 నుండి డిజిటల్ రిసీవర్లు 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' అనే సంకేతాన్ని గుర్తించి, కార్యక్రమాల పునఃపంపిణీని నిరోధించాలని ఆదేశించింది.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తదితరులు సవాలు చేయగా, వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2005 మే 6న ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ప్రసారం అందిన తరువాత యంత్రం ఏం చేయాలో శాసించే అధికారాన్ని కాంగ్రెస్ కమిషన్‌కు ఇవ్వలేదని తేల్చింది.

ఈ తీర్పు ప్రేక్షకుని హక్కును ప్రకటించలేదు. కమిషన్ అధికారానికి హద్దు గీసింది. దాని ప్రాధాన్యం అక్కడే ఉంది. నియంత్రణ సంస్థ ద్వారా పొందిన ఆంక్షను నిలుపుకోవాలంటే పరిశ్రమ చట్టసభను ఒప్పించవలసి వచ్చింది. అటువంటి చట్టం రాలేదు. 2011లో కమిషనే ఆ నిబంధనలను తొలగించింది.