మొదటి నెల చూసి తీర్పు చెప్పకండర్రా

అక్టోబరు సగం కాలేదు, అప్పుడే మన మన్‌స్టర్ రగ్బీ జట్టు పని అయిపోయిందంటారేమర్రా? ఇలా నెగడు దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కాల్చే టర్ఫ్ మట్టి ముక్క ఇంకోటి వెయ్యి నాన్నా, మంట తగ్గుతోంది. మీరు ఐర్లాండ్‌కి, ఈ లిమరిక్‌కి వచ్చి ఎంతో కాలం కాలేదు. అప్పుడే ఎర్ర జెర్సీలు వేసుకుని థోమండ్ పార్కుకి వెళ్తున్నారు, నాకెంతో సంతోషం. కానీ రెండు ఓటములకే జట్టుని ఆడిపోసుకుంటుంటే వినలేకపోతున్నాను. పాత ముచ్చట్లు రెండు చెబుతాను, వినండి.

నేను డాక్టరుగా ఈ ఊరొచ్చేసరికి 1978లో మనవాళ్లు న్యూజిలాండ్‌ని ఓడించిన మ్యాచ్ ఇంకా అందరి నోళ్లలోనూ నానుతోంది. వార్డులో ఏ మంచం దగ్గర ఆగినా అదే కథ. రేవులో మూటలు మోసినాయనా చెప్పేవాడు, బళ్లో పాఠాలు చెప్పే మాస్టారూ చెప్పేవారు. ఈ ఊళ్లో రగ్బీ డబ్బున్నవాళ్ల ఆట కాదర్రా, అందరిదీ. చూసింది పన్నెండు వేలమందే అయినా, నేనూ అక్కడే ఉన్నానని చెప్పుకునేవాళ్లు లక్షమంది ఉంటారు.

అందరూ గెలుపే చెబుతారు. దానికి ముందు సంగతి నేను చెబుతాను. ఆ సీజను మొదట్లో మనవాళ్లు లండన్ వెళ్లారు. మిడిల్‌సెక్స్ జట్టు చేతిలో చిత్తుగా ఓడారు. లండన్ ఐరిష్‌తో ఆడి సమానంగా ముగించారు. అంతే, ఒక్క గెలుపూ లేదు. ఆ వెనకే న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్ వస్తున్నారు. వీళ్లేం నిలబడతారని ఎవరైనా అనుకుంటారు. అప్పట్లో ఆటగాళ్లకి జీతాలు లేవు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఆట. కోచ్ టామ్ కీర్నన్ మాత్రం ఆ రెండు మ్యాచ్‌ల్లో నేర్చుకోవాల్సింది నేర్చుకుని, కుర్రాళ్లని తీర్చిదిద్దాడు.

అక్టోబరు 31న థోమండ్ పార్కులో మన షేమస్ డెనిసన్ అనే బక్కపలచని మనిషి, తనకంటే ఎంతో బలమైన ఆల్ బ్లాక్స్ ఆటగాడు స్టూ విల్సన్‌ని ఎదురెళ్లి పడగొట్టాడు. క్రిస్టీ కాంటిలన్ ట్రై చేశాడు. మిగతా పాయింట్లన్నీ టోనీ వార్డ్ కాలివే. 12–0! ఆల్ బ్లాక్స్ ఆ యాత్రలో ఆడినవి పద్దెనిమిది మ్యాచ్‌లు, ఓడింది ఈ ఒక్కటే. కెప్టెన్ డోనల్ కనిఫ్ తండ్రి ఆ రోజే రేడియోలో మ్యాచ్ వింటూ ప్రాణం వదిలారు. గెలిచిన కొడుక్కి ఆట అయ్యాకే తెలిసింది. దాని తర్వాత మళ్లీ ఒక ఐరిష్ జట్టు ఆల్ బ్లాక్స్‌ని ఓడించడానికి 2016 దాకా, అదీ షికాగోలో, ఆగాల్సి వచ్చింది.

అదంతా పాతకాలం తాతయ్యా, ఇప్పుడు డబ్బుల ఆట అంటావా? సరే, మీ కాలానిదే చెబుతాను. 2011లో లీగ్ కప్పు గెలిచాక మనకి పన్నెండేళ్లు ఒక్క కప్పూ లేదు. 2022లో గ్రాహం రౌంట్రీ హెడ్ కోచ్ అయ్యాడు. పక్కన కొత్త సహాయకులు, కొత్త ఆట పద్ధతి. మొదటి మ్యాచ్ కార్డిఫ్‌లో పోయింది. రెండోది డ్రాగన్స్ మీద పోయింది. సాటి ఐరిష్ జట్లూ వదల్లేదు: కానాక్ట్ కొట్టింది, లెన్‌స్టర్ కొట్టింది, అల్‌స్టర్ మన మైదానానికే వచ్చి ఒక్క పాయింటుతో కొట్టింది. ఏడు మ్యాచ్‌లకి రెండే గెలుపులు! అప్పుడూ ఇప్పటిలాగే పబ్బుల్లో కోచ్‌ని తీసేయమన్నవాళ్లున్నారు.

నవంబరు 10న కార్క్‌లోని పార్క్ ఈ కీవ్‌లో దక్షిణాఫ్రికా ఎ జట్టుతో మ్యాచ్. అది రగ్బీ మైదానం కూడా కాదు, హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ ఆడే చోటు. నలభై ఒక్క వేలమందికి పైగా వచ్చారు. 28–14తో గెలిచాం. అక్కణ్ణుంచి జట్టు లేచింది. పట్టికలో అయిదో స్థానం, కాబట్టి నాకౌట్లన్నీ పరాయి ఊళ్లలోనే. గ్లాస్గోలో గెలిచారు. డబ్లిన్‌లో చివరి నిమిషాల్లో జాక్ క్రౌలీ కొట్టిన డ్రాప్ గోల్‌తో లెన్‌స్టర్‌ని 16–15తో దాటారు. 2023 మే 27న కేప్‌టౌన్‌లో, డిఫెండింగ్ చాంపియన్లయిన స్టార్మర్స్ మీద, జాన్ హాడ్నెట్ ఆఖర్లో చేసిన ట్రైతో 19–14. కప్పు మనదే.

మొదట్లో ఎందుకు తడబడతారో చెప్పనా? ఇక్కడ పెద్ద ఆటగాళ్లకి దేశం జట్టే ముందు. వేసవిలో దేశం తరఫున ఆడొచ్చినవాళ్లకి ఐరిష్ రగ్బీ సంఘం విశ్రాంతి ఇచ్చి ఆలస్యంగా పంపుతుంది. ఆ 2022 జులైలోనే ఐర్లాండ్ న్యూజిలాండ్ వెళ్లి సిరీస్ గెలిచొచ్చింది. కాబట్టి సెప్టెంబరు భారమంతా అకాడమీ నుంచి వచ్చిన పిల్లల మీద పడుతుంది. తొలకరి చూసి పంట లెక్క కట్టే రైతుని మనమెక్కడైనా చూశామా?

అలాగని ప్రతి చెడ్డ ఆరంభమూ కప్పుతో ముగుస్తుందని నేననను. మరి ఏం చూడాలి? స్కోరు ఒక్కటే చూడకండి. మన లైనవుట్‌లో, అంటే గీత బయటి నుంచి మనం బంతి విసిరినప్పుడు, అది మనకే దక్కుతోందా చూడండి. స్క్రమ్ తోపులాటలో మనవాళ్లు వెనక్కి జారుతున్నారా, కిందపడ్డవాడి మీద గుమిగూడే రక్‌లోంచి బంతి ఎంత త్వరగా బయటికొస్తోంది, గమనించండి. ఏడు పాయింట్లు, లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక బోనస్ పాయింటు దక్కుతుంది. అల్‌స్టర్ మీద ఒక్క పాయింటుతో ఓడినప్పుడూ అది మన ఖాతాలో పడింది. ఇవి బాగుంటే జట్టు బతికున్నట్టే. ఇవి చెడి, అదే తప్పు నాలుగు వారాలు సాగితే అప్పుడు అడగండి. నేనూ మీతో కలిసి అడుగుతాను.

ఇంకొక్క మాట. మొన్న స్టాండ్‌లో ఎవరో మన కుర్రాడినే తిట్టారన్నారు. ఎదుటి జట్టువాడు గోలుకి గురిపెట్టినా నిశ్శబ్దంగా నిలబడే మైదానం మనది. ఆ మర్యాద పరాయివాడికి ఇచ్చి, పంతొమ్మిదేళ్ల మన పిల్లాడికి ఇవ్వకపోవడం తప్పు. సీజను చివర కప్పు ఊరేగింపుకి అందరూ వస్తారు. మీరు వచ్చే శనివారం, వానలో, పట్టికలో కింద ఉన్న జట్టు కోసం రండి. జట్టుకి మనుషులు కావలసింది ఇప్పుడే.