చిన్న ట్రాక్టర్ పవర్ స్టీరింగ్ – లోపాల గుర్తింపు

ఇంజిన్‌తో తిరిగే పంపు అందించే హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో ముందు చక్రాలను తిప్పే ఏర్పాటును పవర్ స్టీరింగ్ అంటారు.

స్టీరింగ్ బిగుసుకుంటే ముందుగా టైర్లలో గాలి, ఆయిల్ మట్టం, ఫిల్టర్ చూడాలి. ఆయిల్ నురగ కడితే పంపులోకి వెళ్లే గొట్టం అతుకుల గుండా గాలి చొరబడుతోందని భావించవచ్చు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే బరువెక్కితే పంపు అరుగుదలను, అన్ని వేగాల్లోనూ బరువుగా ఉంటే, హద్దు మీరిన ఒత్తిడిని విడిచిపెట్టే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోవడాన్ని అనుమానించాలి. స్టీరింగ్ కదలకున్నా చక్రాలు పక్కకు జరుగుతుంటే, వాటిని తిప్పే స్టీరింగ్ సిలిండర్‌లోని పిస్టన్ సీలు చెడి ఆయిల్ లోలోపలే కారుతూ ఉండవచ్చు. ఒత్తిడిలో ఉన్న ఆయిల్ సన్నని ధారగా చర్మంలోకి దూసుకుపోగలదు కనుక, లీకులను చేతితో తడిమి వెతకకూడదు.