ఊరికో చెట్టు చట్టం

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వలస వెళ్ళిన నేతపనివారి కుటుంబాలు చాలాకాలంగా నివసిస్తున్నాయి. అక్కడ ఒకరి వాకిట్లో వేపచెట్టు ఉందనుకుందాం. అటువంటి వేపచెట్టే ముంబయిలో ఒకటి, హైదరాబాదులో ఒకటి ఉన్నాయనుకుందాం. వాటిని కొట్టివేయబోతే అడ్డువచ్చే చట్టం మూడుచోట్లా ఒకటేనా? కాదు. ఎందుకిలా జరిగిందో తెలుసుకోవాలంటే తెరచాప ఓడల కాలానికి వెళ్ళాలి.

మొగలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరాన పెద్ద రేవు. ఓడల నిర్మాణానికీ పేరుపొందింది. అక్కడి పార్సీ నిపుణుడు లౌజీ నస్సర్వాన్‌జీ వాడియా 1736లో ఈస్టిండియా కంపెనీ కోసం బొంబాయి వెళ్ళి ఓడలు కట్టసాగాడు. ఓడకు టేకు కావాలి. ఆ కలపలోని సహజమైన నూనె దానిని నీటినుండి, పురుగునుండి కాపాడుతుంది. ఆయన వంశీయులు మలబారు టేకుతో కట్టిన 'ట్రింకోమలీ' 1817లో నీటిలోకి దిగింది. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో అది నేటికీ తేలుతూనే ఉంది!

టేకు విలువ తెలిశాక కంపెనీ ఊరుకుంటుందా? 1806లో కెప్టెన్ వాట్సన్‌ను అటవీ సంరక్షణాధికారిగా నియమించి, మలబారు టేకుపై గుత్తాధికారం చెలాయించింది. రైతులు, వర్తకులు మొరపెట్టుకోగా 1823లో ఆ పదవి రద్దయింది. అయితే 1840ల ప్రారంభంలో సూరత్‌కు ఆగ్నేయంగా ఉన్న డాంగ్స్ అడవుల కలపను భిల్లు నాయకుల నుండి కౌలుకు తీసుకున్నారు. అడవిలో పుట్టి పెరిగినవాడికి టేకు కొట్టే హక్కు క్రమంగా పోయింది. ఆ నాయకుల వారసులకు ఏటా హోలీ ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో నేటికీ భత్యం ఇస్తున్నారు.

1879 నాటి బొంబాయి ల్యాండ్ రెవిన్యూ కోడ్ పొలంలోని చెట్లను రైతుకు వదిలింది. సర్కారు తనకోసం అట్టిపెట్టుకున్న జాతులను మాత్రం వదలలేదు. అప్పటి పాలకులకు చెట్టంటే కలప. నీడ మాటే లేదు.

1960 మే 1 వరకు సూరత్, ముంబయి ఒకే రాష్ట్రంలో ఉండేవి. విడిపోయాక దారులూ వేరయ్యాయి. సౌరాష్ట్రలో 1951లో చేసిన చెట్ల నరికివేత చట్టాన్ని తర్వాత గుజరాత్ అంతటికీ వర్తింపజేశారు. దాని పేరులోనే 'శిక్ష విధింపు' అని ఉంది. మహారాష్ట్ర 1975లో పట్టణాలకే ప్రత్యేకంగా చేసిన చట్టం పేరులో ఉన్నవి 'రక్షణ, పరిరక్షణ'. దాని ప్రకారం నగరానికి వృక్ష ప్రాధికార సంస్థ ఉండాలి, అయిదేళ్ళకొకసారి చెట్లను లెక్కపెట్టాలి. నా దృష్టిలో ఈ లెక్కే ముఖ్యం. ఉన్నదెంతో తెలియనిదే పోయినదెంతో ఎలా తెలుస్తుంది?

ఢిల్లీ 1994 చట్టం మరో చిత్రం. నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున కాండం వ్యాసం 5 సెంటీమీటర్లు, మొత్తం ఎత్తు మీటరు ఉంటేనే అది చెట్టు! ఆంధ్రప్రదేశ్ 2002లో నీరు, భూమి, చెట్లను ఒకే చట్టంలో చేర్చింది. నేడు హైదరాబాదులోనూ అమలయ్యేది అదే.

2021లో మహారాష్ట్ర సవరణ తెచ్చింది. కొట్టిన చెట్టుకు ఎన్నేళ్ళో అన్ని మొక్కలు నాటాలి. మరి వయస్సు తెలిసేదెలా? టేకులో ఏటేటి వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. మర్రిలో అలా కనిపించవు. పైగా వలయాలు చూడాలంటే మానును కోయాలి, లేదా తొలచాలి. చుట్టుకొలతను బట్టి అంచనా వేయడం సులభం. కాని నీరు దొరికిన చెట్టు త్వరగా లావెక్కుతుంది. సిమెంటు మధ్య చిక్కుకున్న చెట్టు అదే వయస్సులో సన్నగా ఉండిపోతుంది. అటువంటి ముసలి చెట్టు పోతే, లెక్కలో పడుచుదై, నాలుగు మొక్కలతోనే చెల్లిపోతుంది.