లండను బయటి బారిష్టర్లు

బారిష్టరు అనగానే మనవాళ్ళకి ప్రకాశం పంతులు గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉన్న ఆయన 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిష్టరై తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. పెద్ద కోర్టు ఎక్కడుంటే పెద్ద లాయరూ అక్కడికే పోవాలి మరి. ఇది మన బాధే అనుకుంటాం గానీ, ఇంగ్లండులో లండను బయట ఉన్న వ్యాపారులకీ ఒకప్పుడు ఇదే బాధ. లాంకషైరు వాళ్ళు మాత్రం తప్పించుకున్నారు. ఎలాగో చూడండి.

ముందు ఛాన్సరీ అంటే ఏంటో చెప్పుకోవాలి. ట్రస్టులు, తనఖాలు, ఎస్టేటు పంపకాలు, భాగస్తుల తగాదాలు, తర్వాతి రోజుల్లో కంపెనీల దివాలాలు... ఇవన్నీ ఛాన్సరీ కేసులు. నేరాలు, మామూలు దావాల కోసం జడ్జీలు ఊళ్ళు తిరిగేవారు. ఛాన్సరీ జడ్జీలు మాత్రం లండను కదిలేవారు కాదు. దాంతో ఆ లాయర్లంతా లింకన్స్ ఇన్ చుట్టుపక్కలే మకాం.

లాంకషైరు సంగతి వేరు. 14వ శతాబ్దంలోనే దాన్ని 'కౌంటీ పాలటైన్' చేసి, సొంత కోర్టులు నడుపుకునే హక్కు ఇచ్చారు. వాటిలో ఒక ఛాన్సరీ కోర్టు ఉంది. ఎప్పుడో రాజుల కాలపు ఏర్పాటు... పత్తి మిల్లులొచ్చాక అక్కరకొచ్చింది! 19వ శతాబ్దంలో ఆ కోర్టు మాంచెస్టరు, లివర్‌పూల్‌లలో కూర్చునేది. 1873 చట్టంతో పెద్ద కోర్టులన్నిటినీ కలిపి ఒక్క హైకోర్టు చేసినా దీన్ని ముట్టుకోలేదు. పైగా 1890లో కంపెనీలను మూసివేయించే అధికారం కూడా ఇచ్చారు. మిల్లు దివాలా తీస్తే అప్పులాళ్ళు లండను రైలెక్కక్కర్లేదన్న మాట. కేసులు అక్కడే ఉంటే బారిష్టర్లూ అక్కడే ఉంటారు కదా!

ఆ కోర్టు బారిష్టర్లలో రిచర్డ్ పాంక్‌హర్స్ట్ ఒకరు. ఓటుహక్కు కోసం పోరాడిన ఎమెలీన్ పాంక్‌హర్స్ట్ భర్త. 1868లో మాంచెస్టరులో 5 వేలమందికి పైగా ఆడవాళ్ళు ఓటరు జాబితాలో చేర్చమని అడిగితే, వాళ్ళ తరఫున లండనులో వాదించి ఓడిపోయిన లాయర్లలో ఈయన ఉన్నారు. పెళ్ళయిన స్త్రీల ఆస్తి హక్కు బిల్లు ముసాయిదా పనిలోనూ ఉన్నారు. అది 1882లో చట్టమైంది. అప్పటిదాకా డబ్బున్న తండ్రి ట్రస్టు రాయించి కూతురి ఆస్తి అల్లుడి చేతిలో పడకుండా కాపాడగలిగేవాడు. పేదింటి పిల్లకి ఆ దారి లేదు. ఈ తేడా ఛాన్సరీ లాయరు కంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

1971 చట్టంతో ఆ పాత కోర్టు హైకోర్టులో కలిసిపోయింది. లాయర్లు మాత్రం ఊరు వదల్లేదు. 2017లో బిజినెస్ అండ్ ప్రాపర్టీ కోర్టులు పెట్టినప్పుడు లండనుతో పాటు మాంచెస్టరు, లీడ్స్, బర్మింగ్‌హామ్, బ్రిస్టల్, కార్డిఫ్ లాంటి ఊళ్ళకీ చోటిచ్చారు.

ఇక మన దగ్గరికొద్దాం. 2016 దాకా మనదేశంలో ఖాయిలా పడ్డ కంపెనీ ఏ మూలనున్నా ఢిల్లీలోని బీఐఎఫ్ఆర్ గడప తొక్కాల్సిందే. తర్వాత దివాలా కేసులు ఎన్‌సీఎల్‌టీ బెంచీలకి వచ్చాయి. కొత్త దివాలా చట్టం కింద దేశంలో మొదటి పరిష్కార ప్రణాళికని 2017 ఆగస్టులో ఆమోదించింది మన హైదరాబాదు బెంచే. ఆ కంపెనీ వైజాగ్‌లోని సినర్జీస్ డూరే. బ్యాంకులు బాకీలో చాలా భాగం వదులుకోవాల్సొచ్చిందని గొడవా అయిందనుకోండి, అది వేరే సంగతి.

"అక్కడ నిపుణులు లేరు, కోర్టెందుకు?" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నాకు అర్థమైనంతలో లాంకషైరు దానికి తిరుగు సమాధానం. ముందు కోర్టొచ్చింది, పని దొరికింది, ఆ తర్వాతే నిపుణులు తయారయ్యారు. మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఇది కొత్తగా చెప్పాలా? హైదరాబాదుకి ప్రాజెక్టులు వచ్చాకే కదా ఇన్ని వేలమందిమి ఇక్కడ పని నేర్చుకున్నది!