పదేళ్ళ తర్వాత మళ్ళీ కదిలిన రైలు

1969లో అమెరికాలోని సీబీఎస్ సంస్థ 'ద వైల్డ్ వైల్డ్ వెస్ట్' ధారావాహికను ఆపివేసింది. చూసేవాళ్ళు లేక కాదు. దేశం హింస గురించి కలవరపడుతున్న కాలమది. అంతకు ముందటి ఏడాదే మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యకు గురయ్యారు. హింసకు మూలాలేమిటో తేల్చడానికి అధ్యక్షుడు జాన్సన్ ఒక కమిషన్‌ను నియమించాడు. టీవీలో చూపే కొట్లాటలు పిల్లల మనసుల మీద ఎలా పనిచేస్తాయో పరిశీలించాలని సెనెటర్ జాన్ పాస్టోర్ పట్టుబట్టడంతో, ఆ బాధ్యత దేశపు ప్రజారోగ్య పెద్ద అయిన సర్జన్ జనరల్‌కు అప్పగించారు. ఆ నివేదిక 1972లో గాని రాలేదు. రోగనిర్ధారణ పూర్తికాకముందే శస్త్రచికిత్స జరిగిపోయిందన్నమాట.

1965 సెప్టెంబరులో మొదలైన ఈ ధారావాహిక నాలుగేళ్ళలో 104 ఎపిసోడ్‌లు నడిచింది. జేమ్స్ బాండ్‌ను గుర్రం ఎక్కిస్తే ఎలా ఉంటుందన్నది సృష్టికర్త మైకేల్ గారిసన్ ఆలోచన. 1870లలో అధ్యక్షుడు గ్రాంట్ కింద పనిచేసే ఇద్దరు గూఢచారులు, వారికొక సొంత రైలు, అందులో రహస్య ఆయుధాలు. జేమ్స్ వెస్ట్‌గా రాబర్ట్ కాన్రాడ్ దూకేవాడు, తన్నేవాడు. ఆర్టెమస్ గోర్డన్‌గా రాస్ మార్టిన్ వేషాలు మార్చేవాడు, యాసలు మార్చేవాడు. మార్టిన్ పోలండ్‌లో పుట్టి, పసితనంలో న్యూయార్క్ చేరినవాడు. ఇంగ్లీషు కన్నా ముందే వేరే భాషలు నేర్చిన మనిషికి ఇన్ని గొంతులు పలకడం సహజమే అనిపిస్తుంది.

తెర మీది దెబ్బల గురించి అంత చర్చ జరిగింది గాని, తెర వెనక తగిలిన దెబ్బలు అసలైనవి. తన పోరాటాలు చాలావరకు తానే చేసే కాన్రాడ్, 1968 జనవరిలో షాండ్లియర్ పట్టు తప్పి తల మీద పడ్డాడు. పుర్రె చిట్లింది. అదే ఏడాది మార్టిన్‌కు గుండెపోటు వచ్చి కొన్ని ఎపిసోడ్‌లలో ఆయన స్థానంలో వేరేవాళ్ళు నటించవలసి వచ్చింది.

ఆపేసిన తర్వాత కూడా స్థానిక టీవీ కేంద్రాలు పాత ఎపిసోడ్‌లను తిరగేస్తూనే ఉన్నాయి. వాటిని చూసి పెరిగిన పిల్లల కోసమూ, అప్పటికే చూసిన పెద్దల కోసమూ 1979 మే నెలలో 'ద వైల్డ్ వైల్డ్ వెస్ట్ రివిజిటెడ్' వచ్చింది. ప్రసారం చేసింది అదే సీబీఎస్. కాన్రాడ్‌కు నలభై నాలుగేళ్ళు, మార్టిన్‌కు యాభై తొమ్మిది. కథ 1885లో జరుగుతుంది. వెస్ట్ మెక్సికోలో విశ్రాంతి జీవితం గడుపుతుంటాడు. గోర్డన్ ఒక సంచార నాటక బృందంతో ఊళ్ళు తిరుగుతుంటాడు. లండన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ వంటి రాజధానుల్లో ప్రభువుల స్థానంలో వారి నకళ్ళు కూర్చుంటున్నాయని తెలిసి ప్రభుత్వం వీళ్ళిద్దరినీ వెతికి పట్టుకుంటుంది.

దర్శకుడు బర్ట్ కెనెడీ, రచయిత విలియం బవర్స్. అంతకు పదేళ్ళ ముందు 'సపోర్ట్ యువర్ లోకల్ షెరిఫ్' అనే హాస్యచిత్రం తీసింది వీళ్ళే. అందులో నటించిన హ్యారీ మోర్గన్ ఇక్కడ గూఢచారుల పై అధికారి. కాబట్టి పాత ధారావాహికలో చమత్కారంగా మాత్రమే ఉన్నది ఇక్కడ నేరుగా నవ్వుల వ్యవహారమైంది. నాయకుల వయసే హాస్యానికి సరుకు. హింస పేరుతో ఆపేసిన కథ మళ్ళీ లోపలికి రావాలంటే, నవ్వుతూ రావడం కన్నా సులువైన దారి లేదు మరి.

ఆ నవ్వులో ఒకటి మాత్రం పోయింది. పాత ధారావాహికకు ప్రాణం డాక్టర్ మిగెలీటో లవ్‌లెస్ అనే ప్రతినాయకుడు. ఆ పాత్ర వేసిన మైకేల్ డన్‌కు పుట్టుకతోనే ఎముకల ఎదుగుదల లోపం. మూడడుగుల చిల్లర ఎత్తు, వంకరపోయిన కీళ్ళు, వాటితో జీవితాంతం నొప్పి. మంచి గాయకుడు కూడా. లవ్‌లెస్ కేవలం దుర్మార్గుడు కాడు. తన వంశానికి చెందవలసిన కాలిఫోర్నియా నేలను తిరిగి ఇమ్మంటాడు. పిల్లలు సుఖంగా బతికే రాజ్యం కడతానంటాడు. వాడి పద్ధతి క్రూరం, కాని వాడి బాధ అబద్ధం కాదు. వెస్ట్ గెలిచిన ప్రతిసారీ చూసేవాడికి ఎక్కడో చివుక్కుమనేది అందుకే.

డన్ 1973లో, ముప్ఫై ఎనిమిదేళ్ళకే లండన్‌లో మరణించాడు. అందుకని 1979 చిత్రంలో లవ్‌లెస్ కొడుకును ప్రవేశపెట్టారు. పొట్టిగా ఉండే పాటల రచయిత పాల్ విలియమ్స్ ఆ వేషం వేశాడు. వెస్ట్, గోర్డన్ తన పన్నాగాలన్నీ పాడుచేస్తుంటే ఉక్రోషంతో కడుపులో పుండ్లు పడి తండ్రి చచ్చిపోయాడని కొడుకు చెబుతాడు. కోపతాపాలే పుండ్లకు కారణమని అప్పటి వైద్యులూ చాలామంది నమ్మేవారు. మరో మూడేళ్ళకు ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అసలు దోషి అయిన సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఆ లెక్కన వెస్ట్ నిర్దోషి! అయితే కొడుకుకు తండ్రి పగ వారసత్వంగా వచ్చింది గాని తండ్రి బాధ రాలేదు. విలియమ్స్ సరదాగా ఉన్నాడు, అంతే. రైలు వచ్చింది, ఇద్దరు మిత్రులూ వచ్చారు, వాళ్ళకు సమానమైన శత్రువు మాత్రం రాలేదు.

1980 అక్టోబరులో వచ్చిన 'మోర్ వైల్డ్ వైల్డ్ వెస్ట్' సంగతి ఎక్కువగా చెప్పుకోనక్కరలేదు. మనిషిని అదృశ్యం చేసే విద్య, జోనాథన్ వింటర్స్ అల్లరి, మళ్ళీ అవే పరాచికాలు. దాన్ని చూడదగినదిగా నిలబెట్టింది కాన్రాడ్, మార్టిన్‌ల చనువు ఒక్కటే. పదేళ్ళ ఎడం తర్వాత కూడా ఒకరి మాటకు ఇంకొకరు అందుకునే తీరులో నటన ఎక్కడ ఆగి స్నేహం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం.

1981 జులై 3న కాలిఫోర్నియాలో టెన్నిస్ ఆడుతుండగా రాస్ మార్టిన్ గుండె ఆగిపోయింది. వయసు అరవై ఒకటి. కాన్రాడ్ ఆ తర్వాత జేమ్స్ వెస్ట్ వేషం వేయలేదు. 1999లో విల్ స్మిత్‌తో పెద్ద ఖర్చుతో తీసిన సినిమా ఆయనకు రుచించలేదు. దానికి చెత్త సినిమాల బహుమతులైన రాజీలు ప్రకటించినప్పుడు, వాటిని అందుకోవడానికి వేదిక మీదికి కాన్రాడే వెళ్ళాడు.