బిడ్డకు తగిన కొలత

మరిపెడ అంగన్‌వాడీలో బిడ్డను తూచునపుడు ఆ తూకమును దేనితో పోల్చుట న్యాయము? 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గైకొన్న పట్టికలోని శిశువులు అమెరికావారు. పెక్కండ్రు పోతపాలతో పెరిగినవారు. మన పిల్లలు పొట్టివారైనను ఆరోగ్యవంతులే యని కొందఱు వాదించిరి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు పూర్వము అధిపతిగా నుండిన సి. గోపాలన్ ఆ వాదమును ఖండించెను.

1997 మొదలు 2003 వఱకు ఆ ప్రపంచ సంస్థయే ఢిల్లీతోఁ గూడ ఆఱు దేశముల నగరములలో, తల్లిపాలును ఆరోగ్యవసతులును గల యిండ్ల బిడ్డలను, సుమారు 8,500 మందిని, కొలిపించెను. వారు ఇంచుమించు సమానముగ పొడవు పెరిగిరి. 2006లో వెలువడిన ఆ ప్రమాణమును 2008లో మన దేశము స్వీకరించెను.

కావున బిడ్డ యెదుగనిచో జాతిని నిందింపక, కూటిని, నీటిని, తల్లి యారోగ్యమును విచారింపవలెను. పేదబిడ్డకై కొలతను తగ్గించుట దయ కాదు; ఆకలిని కప్పిపుచ్చుటయే.